ఎర్రావు ఈనింది

పానగల్లు గుడిలో
పొద్దంతా కదలని నీడ ఒకటుంది.
సూర్యుడు తూర్పునున్నా, పడమటికి వాలినా
అది అక్కడే, గోడకానుకుని నిటారుగా.
ఏ స్తంభం నీడో కనిపెట్టమని
తొమ్మిదో తరగతిలో సైన్సు సారు
ఒక్కో స్తంభం దగ్గర ఒక్కొక్కరిని నిలబెట్టాడు.
నాది కాదు, స్వరూపది కాదు,
జహంగీరుదీ కాదు.
నల్లగొండ బస్సు వచ్చేసింది. జవాబు రాలేదు.

ఇప్పుడు నా పని స్తంభాలు నిలబెట్టడం.
సజ్జగింజంత గాజు మీద
కోటి స్తంభాలు.
వెంట్రుకను నిలువునా నూరు పొరలు చీలిస్తే
ఒక పొర మందమెంతో, స్తంభం ఎత్తు అంత.
ఒక్కోదాన్ని ఒక్కో కోణంలో తిప్పి పెడతాను,
అంగడిలో తలా ఒక దిక్కు చూసే జనంలాగ.
ఎర్ర లేజరు వేస్తే తెర మీద ఒక బొమ్మ.
పచ్చది వేస్తే వేరే బొమ్మ.
అదే వెలుతురును తాడులా మెలిపెట్టి
కుడివాటంగా పంపితే ఒకటి,
ఎడమవాటంగా పంపితే ఇంకొకటి.

చూడ్డానికొచ్చిన అధికారి అడిగాడు
"ఏ స్తంభంలో దాచావమ్మా?"
ఏ ఒక్కదాంట్లోనూ లేదు సార్.
గాజు పగిలి సగం పోయినా
మిగిలిన సగంలోంచి
బొమ్మ మసకగానే గానీ మొత్తం వస్తుంది.
ఆయన నోట్ల గురించి, మందు సీసాల గురించి
నకిలీల గురించి మాట్లాడాడు.
ఇట్లాంటి పలకే రేపు డాక్టరు చేతికొస్తే
ఒకే చూపులో నాలుగు లోతులు చూడొచ్చని
మా గైడు అన్నాడు.
లోతులు అనగానే నాకు అవ్వ గుర్తొచ్చింది.

మా బుచ్చవ్వకు ఇవేవీ తెలియవు
అని రాసి, కొట్టేశాను.

పద్నాలుగేళ్ల పిల్ల. తల మీద అంబలి ముంత.
దేవరకొండ తొవ్వన ఒక్కతే పోయేది.
చిట్టీ లేదు. కొంగున ముడి లేదు.
సిగలో వెతికితే పేలు తప్ప ఏం లేదు.
నోట్లో మాత్రం ఒక మాట:
"ఎర్రావు ఈనింది, దూడ ఇంక లేవలే."
చౌకీ కాడ తుపాకీవాడు విని
జున్నేదని నవ్వాడు.
పటేలు విని
లెక్కల పుస్తకంలో ఒక దూడను రాసుకున్నాడు.
చందంపేట గుట్టల్లో విన్నవాళ్లు
ఆ రాత్రే పొయ్యి ఆర్పి తావు మార్చారు.
మాట ఒకటే.
ఎవరి వెలుతురుకు వాళ్ల బొమ్మ.

ఆ అవ్వే, ముసలితనంలో,
పత్తి ఏరి ఏరి నున్నబడ్డ బొటనవేలిని
పింఛను మిషను మీద పెట్టింది.
సరిపోలలేదు.
కొంగుకు తుడిచి పెట్టింది. సరిపోలలేదు.
గోలీ సోడా తాగొచ్చి మళ్లీ పెట్టింది.
"నేను నేను కాదంటుంది బిడ్డా ఇది,
పోలీసోళ్లకే దొరకనిదాన్ని,
దీనికేం దొరుకుత?"
నవ్వుతుంటే ఫ్లోరైడు గీతల పళ్లు.

ఆ మాటకు నాలుగో అర్థం ఉందని
ఒకసారి నోరు జారింది.
ఈనిందెవరవ్వా? లేవనిదెవరు?
తమలపాకు దవడకు పెట్టుకుని
చాలాసేపు గడప వైపు చూసింది.
"దాని మనిషి పోయిండు.
ఇగ అది నీకు చెప్పే మాట గాదు."

నా చిప్పులో నాలుగో దారి ఖాళీగా ఉంది.
ఫోన్లో మిగిలిన ఆమె గొంతును,
ఆ ఒక్క వాక్యం గీతను,
తాళం వేసి అందులో పెట్టాను.
తాళంచెవి అంకెలు చెరిపేశాను.
నా దగ్గరా లేవు.

పరీక్షాధికారి లేజరు వేయించాడు.
మొదటి బొమ్మ బాగుందన్నాడు, రెండూ మూడూ బాగున్నాయన్నాడు.
నాలుగోసారి తెర మీద
ఎర్రమట్టి చిమ్మినట్టు చుక్కలు, అంతే.
"ఇదేంటి?"
నేను మాట్లాడలేదు.
"నాయిస్" అని పుస్తకంలో రాసుకున్నాడు,
పటేలు దూడను రాసుకున్నట్టే.